ఒకే రైలు, ఒకే బోగీ, నాలుగు రేట్లు

ప్రశ్న: మేముండేది ఇంగ్లండ్‌లో, లండన్ జోన్ల మ్యాపు దాటాక వచ్చే ఒక చిన్న ఊళ్ళో. మా స్టేషన్లో బ్యాంకు కార్డు ట్యాప్ చేసి లండన్ వెళ్ళొచ్చు. ఇండియా నుంచి మా అత్తయ్య, మావయ్య వచ్చారు, నెల రోజులుంటారు. ఇద్దరికీ అరవై దాటాయి. మొన్న శనివారం అందరం లండన్ వెళ్ళాం. మా ఆయన ఫోన్‌తో ట్యాప్ చేశారు. అత్తయ్యకు తన బ్యాంకు కార్డు ఇచ్చారు. మావయ్య తన ఇండియా కార్డే వాడారు. మా పాప (12) పిల్లల డెబిట్ కార్డు ట్యాప్ చేసింది. నేనూ బాబూ (6) మాత్రం మిషన్లో రిటర్న్ టికెట్లు కొనుక్కున్నాం. ఇంటికొచ్చి లెక్క చూస్తే ఒకరి చార్జీకి ఇంకొకరి చార్జీకి పొంతన లేదు. నా కాగితం టికెట్ కన్నా ఆయన ట్యాప్ చవకట. పాపకేమో వాళ్ళ నాన్నతో సమానంగా పడింది! అప్పటి నుంచి "నీ కాగితాలు మానెయ్" అని ఆయన, "పాప సంగతేమిటి" అని నేను. ఇది చాలదన్నట్టు ఆయన సోమవారం ఆఫీసుకు కార్డుతో లోపలికెళ్ళి ఫోన్‌తో బయటికొచ్చారు, చాలా డబ్బు పోయింది. వారానికి మూడు రోజులు ఆఫీసు. వచ్చే గురువారం నుంచి పెద్దవాళ్ళిద్దరూ లండన్లో మా చుట్టాలింట్లో వారం ఉంటారు. దేనికి ఏ టికెట్ కొనాలో చెప్పండి.

సమాధానం: మీ ఇంట్లో గొడవకు తీర్పు ముందే చెప్పేస్తాను. మీ ఆయన మాట ఆయన ఒక్కరి విషయంలో కరెక్ట్. ఆరుగురి విషయంలో మీ మాటే కరెక్ట్.

కార్డు అంటే డబ్బు కట్టే పద్ధతి, కాగితం అంటే ఇంకో పద్ధతి, రెండిట్లోనూ కొనే టికెట్ మాత్రం ఒకటే అని చాలామంది అనుకుంటారు. నేనూ కొన్నేళ్ళు అలాగే అనుకున్నాను. కాదు. అవి రెండు వేర్వేరు రేట్ల పట్టికలు. ట్యాప్ చేసినప్పుడు గేటుకు తెలిసేవి రెండే: ఎక్కడ ఎక్కారు, ఎన్ని గంటలకు ఎక్కారు. మీరు ఎవరో దానికి తెలియదు. పన్నెండేళ్ళ పాప అనీ, అరవై దాటిన పెద్దాయన అనీ, ఆరుగురూ ఒకే కుటుంబం అనీ, సాయంత్రం మళ్ళీ వెనక్కి వస్తారనీ తెలియదు. తెలియదు కాబట్టి అందరినీ ఒంటరిగా వచ్చిన పెద్దవాళ్ళ కిందే లెక్కేస్తుంది. కాగితం టికెట్‌కు ఇవన్నీ తెలుసు, ఎందుకంటే కొనేటప్పుడే మీరు దానికి చెబుతారు. కాగితం అంటున్నాను గానీ, ఫోన్లోకి వచ్చే బార్‌కోడ్ ఈ-టికెట్ కూడా ఈ జాతిదే.

పాప చార్జీ రహస్యం ఇదే. రైల్లో అయిదేళ్ళలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, 5 నుంచి 15 దాకా సగం. ఆ సగం కాగితం టికెట్‌లో ఉంది, బ్యాంకు కార్డు ట్యాప్‌లో లేదు. కార్డు మీద పిల్లల బొమ్మ ఉన్నా సరే, అది పిల్లల కోసమే ఇచ్చిన కార్డు అయినా సరే, గేటు దృష్టిలో అది ఒక బ్యాంకు కార్డు, అంతే. ఆ డబ్బు తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోకండి. బాబుకు మీరు కొన్న సగం టికెట్ మాత్రం నూటికి నూరుపాళ్ళూ సరైనది.

మరి మీ టికెట్ మీ ఆయన ట్యాప్ కన్నా ఎందుకు ఎక్కువైంది? ముందు ఆ టికెట్ పారెయ్యకుండా ఉంటే తీసి చూడండి, దాని మీద 'ఎనీటైమ్' అని ఉందేమో. మిషన్ తెరమీద ఆ టికెట్ ముందు కనిపించడం, వెనక మనిషి దగ్గుతున్నాడని మనం దాన్నే నొక్కెయ్యడం మామూలే. ఎనీటైమ్ అంటే పొద్దున్న ఎనిమిదింటి రద్దీలో కూడా ఎక్కగలిగే ఖరీదైన టికెట్. శనివారం మీకు దాని అవసరమే లేదు, రద్దీ లేని వేళల్లో చెల్లే ఆఫ్ పీక్ టికెట్ చాలు. కార్డు సంగతి వేరు, ఆ రోజు శనివారమని చూసుకుని తనే ఆఫ్ పీక్ రేటు వేసుకుంటుంది. కార్డులో నాకు నచ్చే గుణం ఇదే, మనం ఏ బటన్ నొక్కాలా అని టెన్షన్ పడక్కర్లేదు.

రెండో కారణం రిటర్న్ అనే మాటలో ఉంది. బ్రిటన్ రైళ్ళలో పాత పద్ధతి ప్రకారం రానూపోనూ కలిపి ఒక టికెట్. చాలా దారుల్లో ఆఫ్ పీక్ సింగిల్ ధరకూ, అదే రోజు రిటర్న్ ధరకూ తేడా కొన్ని పెన్నీలే. అంటే ఒకవైపు మాత్రమే వెళ్ళేవాడు దాదాపు రెండువైపుల డబ్బూ కట్టేవాడు. కార్డు పద్ధతిలో రిటర్న్ అనేదే లేదు. పోవడం ఒక ప్రయాణం, రావడం ఇంకో ప్రయాణం, దేని రేటు దానిదే. కాబట్టి ఒకవైపే వెళ్ళేటప్పుడు, పొద్దున్నే పీక్‌లో వెళ్ళి రాత్రి ఆలస్యంగా వచ్చేటప్పుడు కార్డు చవక పడుతుంది.

దీనికి ఎదురు సందర్భం కూడా ఉంది, అది మీలాంటి వాళ్ళకే తగులుతుంది. లండన్ లెక్కలో పీక్ అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున్న 6:30 నుంచి 9:30, సాయంత్రం 4 నుంచి 7. మీరు సెలవు పెట్టి బుధవారం పదకొండింటికి లండన్ వెళ్ళారనుకోండి. పోయేటప్పుడు కార్డు ఆఫ్ పీక్. పిల్లలు అలిసిపోయారని అయిదింటికే బయల్దేరితే వచ్చేటప్పుడు పీక్. కాగితం ఆఫ్ పీక్ రిటర్న్‌కు కొన్ని దారుల్లో ఈ సాయంత్రం నిషేధం ఉంది, కొన్ని దారుల్లో లేదు. లేని దారిలో కాగితమే గెలుస్తుంది. నేషనల్ రైల్ సైట్లో ఆ టికెట్ పేరు మీద నొక్కితే ఏ గంటల మధ్య చెల్లదో రాసి ఉంటుంది, ఒక్కసారి చదివితే మీ స్టేషన్‌కు సంబంధించినంత వరకు జీవితాంతం పనికొస్తుంది.

ఇంకో చిన్న సంగతి. కాగితం టికెట్‌కు రైలు బయల్దేరే టైము లెక్క. కార్డుకు మీరు గేటు దగ్గర ట్యాప్ చేసిన టైము లెక్క. తొమ్మిదీ నలభై రైలు కోసం తొమ్మిదీ ఇరవై ఎనిమిదికే ట్యాప్ చేసి ప్లాట్‌ఫాం మీద నిలబడితే పీక్ రేటే పడుతుంది. తొమ్మిదిన్నరకు ముందు గేటు ఇవతల కొంతమంది గడియారం చూసుకుంటూ, ముహూర్తం కోసం కాచుకున్న పెళ్ళివారిలా నిలబడి ఉంటారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఇక ఆరుగురి లెక్క. తేలిగ్గా ఉండటానికి మీ ఊరి నుంచి లండన్‌కు రానూపోనూ పెద్దవాళ్ళకు 20 పౌండ్లనీ, ట్యాప్ చేసినా కాగితం కొన్నా ఆ రేటు ఒకటేననీ అనుకుందాం. ఇవి నిజం రేట్లు కావు, ఊహకే. అందరూ ట్యాప్ చేస్తే 120. నలుగురు పెద్దవాళ్ళకు, ఇద్దరు పిల్లలకు కాగితం కొంటే 80, 20 కలిపి 100. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ ఉంటే పెద్దవాళ్ళ టికెట్లలో మూడో వంతు, పిల్లల టికెట్లలో 60 శాతం తగ్గుతుంది. 80 కాస్తా 53.33 అవుతుంది, 20 కాస్తా 8 అవుతుంది. మొత్తం 61.33. ట్యాప్ చేసిన దాంట్లో దాదాపు సగం. ఆ రైల్‌కార్డ్ 2025 మార్చిలో 35 పౌండ్లయింది, ఏడాది పనిచేస్తుంది. మామూలు కాగితం టికెట్లతో పోల్చినా ఒక్క శనివారంతో దాని ధర వచ్చేసింది చూడండి. ఒక కార్డు మీద నలుగురు పెద్దవాళ్ళు, నలుగురు పిల్లలు దాకా వెళ్ళొచ్చు. కనీసం ఒక పిల్లో పిల్లవాడో వెంట ఉండాలి. కార్డు మీద ఇద్దరి పేర్లు పెట్టుకోవచ్చు, మీ పేరూ ఆయన పేరూ పెట్టండి, ఎవరో ఒకరు ప్రయాణంలో ఉంటే చాలు. పనిదినాల్లో పొద్దున్న రద్దీలో మాత్రం చెల్లదు. మీ అత్తయ్యగారు వాళ్ళు ఉన్నన్ని వారాంతాలూ మీకు ఇదే మందు. వాళ్ళు ఇండియా వెళ్ళిపోయాక కూడా మీ నలుగురికీ పనికొస్తుంది.

'రైల్‌కార్డ్‌ను బ్యాంకు కార్డుకు కలుపుకోలేమా' అని మీ ఆయన అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. కలపలేరు. లండన్‌లో ముందుగా డబ్బు వేసుకుని ట్యాప్ చేసే ఆయ్‌స్టర్ కార్డుకు కొన్ని రకాల రైల్‌కార్డ్‌లు కలుపుతారు: 16-25, 26-30, సీనియర్ లాంటివి. ట్యూబ్ (లండన్ మెట్రో) స్టేషన్లో సిబ్బందిని అడిగితే అక్కడికక్కడే చేస్తారు. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్, టూ టుగెదర్, నెట్‌వర్క్ రైల్‌కార్డ్‌లు ఆయ్‌స్టర్‌కూ ఎక్కవు. పైగా ఇక్కడొక గుంట ఉంది, చూసి నడవండి. బ్యాంకు కార్డు పనిచేసే స్టేషన్లన్నిట్లో ఆయ్‌స్టర్ పనిచేయదు. పడమటి వైపు రెడింగ్ దాకా బ్యాంకు కార్డుతో వెళ్ళొచ్చు, ఆయ్‌స్టర్ మాత్రం వెస్ట్ డ్రేటన్ దగ్గరే ఆగిపోతుంది. మీది జోన్ల బయటి స్టేషన్ అంటున్నారు కాబట్టి ఆయ్‌స్టర్ తీసుకునే ముందు మ్యాపు చూడండి.

సోమవారం మీ ఆయనకు జరిగింది నాకూ జరిగింది. ఒక స్టేషన్లో ఫోన్‌తో లోపలికెళ్ళాను, బయటికొచ్చేటప్పుడు చేతిలో కాఫీ ఉండి వాచీ ట్యాప్ చేశాను. రెండింట్లోనూ ఉన్నది ఒకే బ్యాంకు కార్డు కదా అని ధీమా. ఫోన్లోకి ఎక్కించినప్పుడు ఆ కార్డుకు లోపల వేరే నంబరు వస్తుంది, వాచీకి ఇంకో నంబరు, చేతిలోని ప్లాస్టిక్ కార్డుకు ఇంకోటి. గేటుకు వాళ్ళు ముగ్గురు మనుషులు. ఒకడు లోపలికెళ్ళి బయటికి రాలేదు, ఇంకొకడు లోపలికి రాకుండానే బయటికొచ్చాడు. సగం ప్రయాణం చేసిన ఇద్దరికీ గరిష్ఠ చార్జీ వేస్తారు. లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ సైట్లో ఖాతా తెరిచి కార్డునూ ఫోన్‌నూ రెండిటినీ నమోదు చేసుకుంటే ఆ రోజు ప్రయాణాలు కనిపిస్తాయి. అక్కడి నుంచే ఆ సగం ప్రయాణాల డబ్బు వెనక్కి అడగొచ్చు. నెలలు గడవనివ్వకుండా ఈ వారమే చేయమనండి. ఇంకనుంచి ఒక మనిషికి ఒకటే వస్తువు, ఫోనైతే ఫోను, కార్డైతే కార్డు.

రోజువారీ క్యాప్, అంటే ఒక రోజులో ఇంతకు మించి వసూలు చేయరన్న పరిమితి కూడా ఆ ఒక్క వస్తువు మీదే లెక్క. మధ్యలో మార్చితే క్యాప్ కూడా చీలిపోతుంది.

ఆయన ఆఫీసు సంగతి త్వరగా ముగిస్తాను. ట్యాప్‌కు రోజు క్యాప్ ఉంది, సోమవారం నుంచి ఆదివారం దాకా వారం క్యాప్ ఉంది, నెల క్యాప్ గానీ ఏడాది క్యాప్ గానీ లేవు. సీజన్ టికెట్లలో నెలది వారం ధరకు 3.84 రెట్లు, ఏడాదిది 40 రెట్లు. అంటే ఏడాదిలో పన్నెండు వారాలు ఉచితమన్నమాట, కానీ అది వారానికి అయిదు రోజులు వెళ్ళేవాళ్ళ కోసం కట్టిన లెక్క. మూడు రోజులవాళ్ళ కోసం 2021లో ఫ్లెక్సీ సీజన్ వచ్చింది. 28 రోజుల్లో ఏవైనా ఎనిమిది రోజులు. ఎనిమిదీ ముందే అయిపోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. దాని ధరను ఎనిమిదితో భాగించి, మీ ఆయన మామూలు ఆఫీసు రోజున ట్యాప్‌కు పడే మొత్తం పక్కన పెట్టి చూడండి. ఆయన పొద్దున్న పీక్‌లో వెళ్ళి రాత్రి ఏడు దాటాక వచ్చే మనిషైతే ట్యాప్ గెలవడానికి అవకాశం ఎక్కువ. ఒక్కో స్టేషన్ దారికి రేట్లు వేరు కాబట్టి ఇంతకన్నా ఖచ్చితంగా చెప్తే అబద్ధమవుతుంది.

పెద్దవాళ్ళ వారం దగ్గరికి వద్దాం, ఇందులోనే నాకు చెప్పాల్సింది ఎక్కువుంది. ముందుగా, ట్యూబ్‌లో కాగితం సింగిల్ టికెట్ వాళ్ళ చేత కొనిపించకండి. మీ ఊరి రైలుకు కాగితం మంచిదన్నాను కదా అని ట్యూబ్‌కూ అదే వర్తించదు. 2024లో మొదటి జోన్ లోపల ఒక ప్రయాణానికి కార్డుతో 2.80 (ఆఫ్ పీక్‌లో 2.70), అదే దూరానికి కాగితం టికెట్ 6.70. ఆ తర్వాత రేట్లు పెరిగాయి, అంతరం మాత్రం అలాగే ఉంది. మనుషులు మిషన్ల దగ్గర ఆగకుండా ఆయ్‌స్టర్‌కు, తర్వాత బ్యాంకు కార్డుకు మారాలని కావాలనే పెట్టిన అంతరం అది. ఆయ్‌స్టర్ వచ్చింది 2003లో, బ్యాంకు కార్డు బస్సుల్లోకి 2012లో, ట్యూబ్‌లోకి 2014లో వచ్చింది. 2015 ముగిసేసరికి ట్యూబ్ స్టేషన్లలో టికెట్ కౌంటర్లే మూసేశారు.

మీరు గురువారం నుంచి అన్నారు. అక్కడే తిరకాసు. ట్యాప్‌కు వారం అంటే సోమవారం మొదలు. మొదటి రెండు జోన్లకు 2024లో రోజు క్యాప్ 8.50, వారం క్యాప్ 42.70. వాళ్ళు గురువారం నుంచి బుధవారం దాకా రోజూ క్యాప్ తగిలేంత తిరిగారనుకోండి. మొదటి నాలుగు రోజులు ఒక వారంలో, తర్వాతి మూడు రోజులు ఇంకో వారంలో పడతాయి. వారం క్యాప్ ఎక్కడా తగలదు. ఒక్కొక్కరికి ఏడు ఎనిమిదిన్నరలు, 59.50. అదే ట్రావెల్‌కార్డ్ అనే ఏడు రోజుల పాస్ అయితే ఏ రోజు నుంచైనా మొదలుపెట్టొచ్చు, ధర మాత్రం ఆ 42.70. ప్రయాణం సోమవారానికి మార్చుకుంటే ట్యాప్‌కూ అంతే. చుట్టాలకు ఫోన్ చేసి సోమవారం వస్తామంటే ఒప్పుకుంటారేమో కనుక్కోండి.

కానీ ఒక మాట. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఏడు రోజులూ అంత తిరుగుతారా? మా ఇంటికొచ్చిన వాళ్ళెవరూ తిరగలేదు. మూడో రోజుకు మోకాళ్ళు, నాలుగో రోజుకు "ఇవాళ ఇంట్లోనే ఉంటాంలే". రోజు విడిచి రోజు తిరిగేవాళ్ళకు ట్రావెల్‌కార్డ్ దండగ, ట్యాప్ చాలు. పైగా వాళ్ళకు మెట్లు, ఎస్కలేటర్లు, సొరంగాల కన్నా బస్సు నయం. 2024లో బస్సు ఒక ట్యాప్ 1.75, మొదటి ట్యాప్ నుంచి గంటలోపు ఎన్ని బస్సులు మారినా అదే డబ్బు, రోజంతా బస్సులే ఎక్కితే 5.25 దాటదు. దిగేటప్పుడు ట్యాప్ చేయక్కర్లేదు. నోట్లు, చిల్లర మాత్రం తీసుకోరు. పైఅంతస్తులో ముందు సీటు దొరికితే అత్తయ్యగారు ఇక దిగనంటారు.

సీనియర్ రైల్‌కార్డ్ కొనాలా అన్నది మీరు అడగలేదు గానీ అడగాల్సిన ప్రశ్న. దానికి అరవై నిండితే చాలు, బ్రిటన్‌లో నివాసం ఉండాలన్న షరతు లేదు, వయసుకు పాస్‌పోర్ట్ చాలు. దేశమంతటా టికెట్లలో మూడో వంతు తగ్గుతుంది. లండన్ వరకే అయితే వద్దు. ఆయ్‌స్టర్‌కు కలిపితే ఆఫ్ పీక్ క్యాప్ మూడో వంతు తగ్గేమాట నిజమే, కానీ రెండు రైల్‌కార్డ్‌లు, రెండు ఆయ్‌స్టర్‌ల ఖర్చు వారంలో తిరిగి రాదు. మీతో వచ్చే వారాంతాలకు ఎలాగూ మీ ఫ్యామిలీ కార్డు ఉంది. వాళ్ళిద్దరే ఎడింబరో లాంటి దూర ప్రయాణం పెట్టుకుంటే అప్పుడు టూ టుగెదర్ తీసుకోండి. ఒక్క కార్డు, ఇద్దరి పేర్లు, ఇద్దరూ కలిసి వెళ్ళాలి, పనిదినాల్లో తొమ్మిదిన్నర దాటాక. పేరులోనే ఉంది కదా, ఒకరిని విడిచి ఒకరు కదలకూడదు. లండన్ వాసులకు ఇచ్చే 60 ప్లస్ ఆయ్‌స్టర్, ఫ్రీడమ్ పాస్ మాత్రం అతిథులకు రావు, ఎవరో చెప్పారని వెంటపడకండి.

పాపను వాళ్ళతో పంపిస్తే ఆమె డెబిట్ కార్డు ఇంట్లో పెట్టించండి. పదకొండేళ్ళలోపు వాళ్ళు ట్యూబ్‌లో పెద్దవాళ్ళ వెంట ఉచితం, బాబుకు బెంగలేదు. 11 నుంచి 15 వాళ్ళకు మామూలు ఆయ్‌స్టర్ కార్డు మీద యంగ్ విజిటర్ డిస్కౌంట్ పెట్టమని ట్యూబ్ స్టేషన్లో అడిగితే 14 రోజుల దాకా సగం రేటుకు పెడతారు. పిల్లను కూడా తీసుకెళ్ళాలి.

చివరిది మావయ్యగారి కార్డు. ఇండియా వీసా, మాస్టర్‌కార్డ్‌లు లండన్ గేట్ల దగ్గర పనిచేస్తాయి, కానీ చార్జీ పౌండ్లలో పడి రూపాయల్లోకి మారేటప్పుడు వాళ్ళ బ్యాంకు మార్కప్ వేసుకుంటుంది. మీ ఇంట్లో నాలుగో రేటు అదే. 2020 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ వాడకం రెండూ యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. ఇండియాలో ఆఫ్ చేసుకుని మర్చిపోతే గేటు ఎర్రలైటు చూపిస్తుంది. అంతకన్నా తేలిక, మీ దగ్గర ఇంకో ఇంగ్లండ్ బ్యాంకు కార్డు ఉంటే ఆయనకు ఆ వారానికి అదే ఇవ్వండి. అత్తయ్యగారి చేతిలో ఉన్నది మాత్రం కాకూడదు. ఒక కార్డు మీద ఇద్దరు ఒకే రైలెక్కలేరు. మీ ఊరికి తిరిగి వచ్చేటప్పుడు కూడా అదే కార్డు తాకించమనండి. నిద్రపట్టి మీ స్టేషన్ దాటి ట్యాప్ పనిచేయని ఊరిదాకా వెళ్ళిపోతే టికెట్ లేని ప్రయాణం కిందికి వస్తుంది. ఇంగ్లండ్‌లో జరిమానా 100 పౌండ్లు, పైన ఆ ప్రయాణం టికెట్ డబ్బు. జరిమానా 21 రోజుల్లో కడితే 50. మావయ్యగారికి రైల్లో కునుకు తీసే అలవాటుంటే స్టేషన్ పేర్లు వరసగా ఒక చీటీ మీద తెలుగులో రాసి అత్తయ్యగారి చేతికివ్వండి.